190 మస్టర్లు, 24 పుస్తకాలు

కిందటి సంక్రాంతి సెలవులకు మనుమరాలు హైదరాబాద్ నుంచి గోదావరిఖని వచ్చింది. ఇంటర్ చదువుతున్న పిల్ల. అరిసె కొరుకుతూ ఫోన్ నా ముందు పెట్టి, "తాతా, ఈ ఏడు నా టార్గెట్ యాభై పుస్తకాలు. రెండు అయిపోయినయి. నీదెంత?" అని అడిగింది.

టార్గెట్ అన్న మాట వింటే బాయి మీద పనిచేసినవాడికి పుస్తకాలు యాదికి రావు. గని ముందున్న బోర్డు యాదికొస్తుంది. నిన్న తీయాల్సింది ఇంత, తీసింది ఇంత, నెలకు ఇంత, ఏడాదికి ఇంత అని సుద్దతో రాసిన అంకెలు. మార్చి దగ్గరపడే కొద్దీ ఆ అంకెలు పెద్దసార్ల ముఖాల మీదికి ఎక్కేవి. 2023-24లో సింగరేణి మొత్తానికి టార్గెట్ 70 మిలియన్ టన్నులు, అది కాస్త దాటింది కూడా. నేను రిటైరయింది ఆ ఏడే. అంటే నా బతుకంతా ఇంకొకరు పెట్టిన టార్గెట్ల మధ్యే గడిచింది. నేను నాకు పెట్టుకున్న టార్గెట్ ఒక్కటే. దాన్ని చూపిద్దామని అటక మీది రేకుపెట్టె దించాను. అందులో డైరీలు ఉన్నాయి.

మొదటిది 1986ది. డిసెంబర్ వచ్చిందంటే గనుల మీద యూనియన్ల వాళ్లు క్యాలెండర్లు, డైరీలు పంచడం మా దగ్గర రివాజు. ఏ జెండా వాళ్లు ఇచ్చినా తీసుకునేవాళ్లం. ముందు పేజీల్లో మస్టర్లు, చివరి పేజీల్లో అప్పులు రాసుకునేవాళ్లం. మస్టర్ అంటే ఒక రోజు హాజరు. 1952 నాటి గనుల చట్టం ప్రకారం ఏడాదిలో లోపల పనిచేసేవాడికి 190 మస్టర్లు, పైన పనిచేసేవాడికి 240 పడితేనే జీతంతో సెలవుకు హక్కు ఉండేది. ఆ తర్వాత లోపలివాడికి 15 మస్టర్లకొక రోజు, పైవాడికి 20కి ఒక రోజు చొప్పున సెలవు జమయ్యేది. దసరా దాటిందంటే హోటల్ కాడ పలకరింపే మారిపోయేది. "బాగున్నవా" పోయి "ఎన్నయినయే నీవి?" వచ్చేది.

నేను 1984లో బదిలీ ఫిల్లర్‌గా దిగాను. ఫిల్లర్ అంటే టబ్బుల్లోకి బొగ్గు నింపేవాడు, బదిలీ వర్కర్ అంటే పర్మినెంటు కానివాడు. వాడికి మస్టర్ల లెక్క ప్రాణంతో సమానం. అంత జాగ్రత్తగా లెక్క రాసే చెయ్యి ఊరికే ఉంటుందా? 1986 డైరీలో అప్పుల పేజీ తర్వాత మిగిలిన రెండు పేజీల్లో గీతలు కొట్టి, పైన "పుస్తకాల మస్టర్" అని రాశాను. టార్గెట్ 12, నెలకొకటి. ఏడాది ఆఖరుకు పడ్డవి 7.

ఎందుకు తక్కువ పడ్డాయో కూడా ఆ పేజీయే చెప్తుంది. పేరు పక్కన షిఫ్టు రాసుకునేవాణ్ని. రాత్రి షిఫ్టు వారాల ఎదురుగా అన్నీ ఖాళీలే. పగటి నిద్ర సగం నిద్ర, లేస్తే కళ్లు మంట. రెండో షిఫ్టు వారం పొద్దంతా రేషను, బియ్యం, బిందెలతో సరిపోయేది. మొదటి షిఫ్టు వారమే నా చదువు వారం. మూడు వారాల్లో ఒక వారం అన్నమాట. బాయిలోకి బీడీ, అగ్గిపెట్టె పోనియ్యరు, దిగేముందు జేబులు తడుముతారు. పుస్తకాన్ని ఎవరూ వద్దనకపోయినా లోపల ఎవడూ తెరవడు. నెత్తిమీది క్యాప్‌ల్యాంపు వెలుతురు పైకప్పును కనిపెట్టుకుని ఉండటానికే చాలదు.

మనుమరాలు పేజీలు తిప్పుతూ ఒక గడి దగ్గర ఆగింది. 1987 నుంచి ప్రతి పుస్తకం పక్కనా ఇంకో గడి ఉంది. పైన "ఎవరు విన్నరు" అని రాసి ఉంది. "ఇదేంది తాతా? ఆడియో బుక్కా?" అంది. ఆ ఒక్క గడి సంగతి చెప్పాలంటే నాకంటే చాలా వెనక్కి పోవాలి.

సింగరేణిలో బొగ్గు తవ్వకం 1889లో ఇల్లందు దగ్గర మొదలైంది. కంపెనీకి సింగరేణి అన్న పేరు వచ్చింది 1920 డిసెంబర్ 23న. ఆ తేదీనే ఇప్పుడు సింగరేణి డే చేస్తున్నారు. ఆ రోజుల్లో తట్ట, చెమ్మస్ (పార) పట్టుకుని దిగినవాళ్లలో అక్షరం వచ్చినవాళ్లు వేళ్ల మీద లెక్కించేంతమంది. జీతం కాగితం మీద వేలిముద్ర, ఊరి నుంచి ఉత్తరం వస్తే చదివిపెట్టేవాడి కోసం వెతుకులాట. నిజాం రాజ్యంలో తెలుగు పుస్తకానికి చోటే ఇరుకు. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్రభాషా నిలయం పుట్టాయి. ఆ తర్వాత నలుగురు కూడి సభ పెట్టుకోవాలన్నా సర్కారు అనుమతి ఉండాలని గస్తీ నిషాన్ 53 వచ్చింది. గ్రంథాలయ వార్షికోత్సవం చేసుకోవడానికి కూడా భయపడిన కాలమది.

ఆ కాలంలోనే వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టాడు. ఇళ్లల్లో వంట పని చేస్తూ, హోటల్లో పని చేస్తూ చదువు నేర్చుకున్న మనిషి. పుస్తకాలు అచ్చువేయడమే కాదు, మోసుకుని గడపగడపకూ తిరిగి అమ్మాడు. చదివేవాడు పుస్తకం దగ్గరికి రాలేనప్పుడు పుస్తకమే నడిచి పోవాలన్నది ఆయన పద్ధతి. చదువుకున్నవాడు ఒకడుంటే చదువురాని పదిమందికి విషయం చేరుతుందని ఆయనకు తెలుసు. తర్వాత 1955లో 'ప్రజల మనిషి' నవల రాశాడు.

ఇక ఏడాది పొడుగునా ఇన్ని పుస్తకాలని ఒక వరస పెట్టుకోవడం మనకు ఫోన్లతో రాలేదు. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు, ఆయన స్నేహితులు కలిసి పెట్టిన విజ్ఞానచంద్రికా మండలి చందాదారులను పోగేసి చరిత్ర, శాస్త్రం, జీవితచరిత్రలు వరసగా అందించింది. మా చిన్నతనంలో అదే పనిని ఎమెస్కో ఇంటింటి గ్రంథాలయం చేసింది. చందా కడితే నెలనెలా పుస్తకాలు పోస్టులో వచ్చేవి. క్వార్టర్లలో ఉండే ఒక క్లర్కు ఇంటికి అట్లా పార్శిలు రావడం చూసి మేం పిల్లలం గుమ్మంలో నిలబడేవాళ్లం. ఆ రోజుల్లో లెక్క పబ్లిషరు చేతిలో ఉండేది. లెక్క పాఠకుడి చేతికి రావడమే తర్వాతి కథ.

మా గోదావరిఖని పుట్టిందే 1960ల ముందూవెనకల, బొగ్గు కోసం. చుట్టూ మంథని, పెద్దపల్లి, సుల్తానాబాద్ వైపు ఊళ్ల నుంచి జనం వచ్చిపడ్డారు. ఊరి పేరులోనే ఖని ఉంది. తర్వాత రామగుండంలో థర్మల్ స్టేషన్ వచ్చింది, 1978లో ఎన్టీపీసీకి పునాదిరాయి పడింది, 1980లో ఎరువుల కర్మాగారం ఉత్పత్తి మొదలుపెట్టింది. ఫ్యాక్టరీలతోపాటు డిప్లొమాలు, డిగ్రీలు చదివినవాళ్లు వచ్చారు. వాళ్లతో పుస్తకాలు వచ్చాయి. విశాలాంధ్ర వాళ్లు తెచ్చే సోవియట్ పుస్తకాలు నున్నటి కాగితం మీద, గట్టి అట్టతో, సినిమా టికెట్ల ధరకు దొరికేవి. క్రొవ్విడి లింగరాజు తెలుగు చేసిన గోర్కీ 'అమ్మ' చేతులు మారీ మారీ అంచులు నల్లబడేది. అది మసి కాదు, మా వేళ్ల బొగ్గు. ఇంకోవైపు ఆడవాళ్ల దగ్గర యద్దనపూడి నవలలు, కిరాయి పుస్తకాల షాపులో యండమూరి 'తులసిదళం' కోసం పేర్ల లిస్టు. హనుమకొండ నుంచి 'సృజన' వచ్చేది. మంథని పక్క గాజులపల్లిలో పుట్టిన అల్లం రాజయ్య కథల్లో మా మాట, మా తిట్టు, మా ఆకలి అచ్చులో కనిపించి ఆశ్చర్యపోయాం. సింగరేణిలో పనిచేస్తూనే నవలలు రాసిన పి.చంద్, తొలితరం బొగ్గుగని కార్మిక నాయకుడి బతుకును 'శేషగిరి' పేరుతో పుస్తకం చేశాడు. చదవడానికే భయపడిన వాడలో రాసేవాళ్లు పుట్టారు.

1981 సమ్మె నాకు బాగా గుర్తు. ఒక రోజు పని ఆపితే ఎనిమిది రోజుల జీతం కోస్తామన్న నిబంధన మీద కార్మికులు 56 రోజులు బాయి దిగలేదు. ఆ సమ్మెలోంచే సింగరేణి కార్మిక సమాఖ్య, మేం సికాస అనేది, పుట్టింది. ఆ 56 రోజులూ మా వాడలో రోజూ పేపరు పైకి చదివేవాళ్లు. వేపచెట్టు కింద ఒకడు చదివితే ముప్ఫైమంది వినేవాళ్లు. పద్దెనిమిదేళ్ల నేను కొన్నిసార్లు ఆ ఒకణ్ని. అక్షరం తప్పు పలికితే అక్షరం రానివాడే పట్టుకునేవాడు, "ఏందిరా, నిన్న ఇంకో తీరు సదివినవ్?" అని.

ఇక గడి సంగతి. మా బాపు ఫిల్లర్. 1960ల్లో చేరాడు. అన్న పేరు మీద పిలుపు వస్తే తమ్ముడు పోయి చేరడం అప్పట్లో మామూలే. పిలుపు వచ్చేసరికి మా పెదబాపు చనిపోయాడు, ఆ పేరు మీద మా బాపు దిగాడు. అప్పటినుంచి మస్టర్‌లో, పేషీటులో, దవాఖాన చీటీలో మా బాపు తన అన్నే. ఇంట్లో అమ్మ ఒక పేరుతో పిలిచేది, గని మీద ఇంకో పేరు. కోల్‌బెల్టులో ఈ మారుపేర్లు ఎన్ని వేల ఇళ్లల్లో ఉన్నాయో మా దగ్గరివాళ్లకు చెప్పనక్కరలేదు.

1987 ఎండాకాలంలో, ఒక యూనియన్ సభ బయట దుప్పటి మీద పరిచిన పుస్తకాల్లో 'ఏడు తరాలు' కొన్నాను. అలెక్స్ హేలీ రాసిన నల్లవాళ్ల కథ. సహవాసి తెలుగు చేశాడు. 1980లో మొదలైన హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసిన తొలి పుస్తకాల్లో ఒకటి. రెండు రోజుల్లో అయిపోగొట్టి డైరీలో రాసుకుంటుంటే మంచంలో పడుకున్న బాపు అడిగాడు.

"ఏం రాస్తన్నవ్?"

"పుస్తకాల మస్టర్ బాపూ. ఇది నాలుగోది."

"నువ్వు సదివినవ్, నీకు మస్టర్ పడ్డది. మరి నాకేం పడె?"

నవ్వుకుంటూనే అన్నాడు. నాకు మాత్రం గుచ్చుకుంది. ఆ రాత్రి కరెంటు లేదు. కందీలు పెట్టి మొదటినుంచి పైకి చదవడం మొదలుపెట్టాను. రోజూ బాపు అన్నం తిన్న తర్వాత ఒక గంట. పక్క క్వార్టర్‌లో ఉండే, బాయిలో టబ్బులు తోసే ట్రామర్ వచ్చి గడప మీద కూర్చునేవాడు. పడవలో కట్టేసిన మనుషుల సంగతి వచ్చినప్పుడు బీడీ వెలిగించుకోవడం మరిచిపోయాడు. ఆ పడవలో వచ్చిన కుంటా కింటేకు తెల్లవాళ్లు కొత్త పేరు పెట్టే చోటు వచ్చింది. వాడు లోపల్లోపల తన పేరే అనుకుంటాడు. బాపు లేచి కూర్చున్నాడు.

"బలవంతంగ పేరే మార్చిన్రా?"

"ఊఁ."

చాలాసేపు మాట్లాడలేదు. కందీలు ఒత్తి కొంచెం పెంచి, "గది ఇంకోసారి సదువు" అన్నాడు.

చదివాను. ట్రామర్ తల వంచుకున్నాడు. ఆయన అసలు పేరేమిటో అప్పటిదాకా నేను అడగనే లేదు. మర్నాడు డైరీలో గీత కొట్టి కొత్త గడి చేశాను. 'ఏడు తరాలు' ఎదురుగా "బాపు, పక్కింటి ట్రామర్" అని రాశాను. ఆ ట్రామర్ అసలు పేరు తర్వాత ఒక రోజు అడిగి, కొట్టేసి, అది రాశాను.

బొగ్గుగని కార్మికులు ఇట్లా పుస్తకాల వెంట పడటం మా దగ్గరే ఉన్న సంగతి కాదని తర్వాత తెలిసింది. ఇంగ్లండు పక్కనున్న వేల్స్‌లో మనలాంటి బొగ్గు లోయలున్నాయి. అక్కడి కార్మికులు జీతంలోంచి కొన్ని పెన్నీల చొప్పున కోయించుకుని తమ గ్రంథాలయాలు తామే కట్టుకున్నారు. ట్రెడిగార్ అనే ఊళ్లో అట్లాంటి గ్రంథాలయంలో చదువుకున్నవాడు అన్యూరిన్ బెవాన్. 13 ఏళ్లకే బాయి దిగిన పిల్లగాడు. పెద్దయ్యాక మంత్రి అయి, 1948లో బ్రిటన్ ప్రజలందరికీ ఉచిత వైద్యం తెచ్చాడు. మనకూ ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు పోతుంది. మనం కట్టిన పైసలతో నడిచే గ్రంథాలయంలోకి మనం ఏడాదికి ఎన్నిసార్లు అడుగుపెట్టామో ఎవరి డైరీలోనూ ఉండదు.

ఒక్క పాఠం ఎన్ని పుస్తకాల పెట్టు అవుతుందో నెల్లూరు జిల్లా దూబగుంట చూపించింది. 1990ల మొదట్లో అక్షరాస్యత తరగతుల్లో ఆడవాళ్లు సారా మీద ఉన్న ఒక పాఠం చదివి, అది తమ కథేనని గుర్తుపట్టి, ఊళ్లో సారా దుకాణం మూయించారు. ఆ నిప్పు రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధం వచ్చింది. జీతం రోజు సాయంత్రాలు మా దగ్గర ఎట్లా ఉండేవో తెలిసిన మా ఆడవాళ్లకు ఆ పాఠం ఎవరూ విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది. ఆ ఏడు రాత్రి బడిలో నేను వలంటీరును. ఒకావిడ తన పేరు మొదటిసారి రాసి, పలక చెరపకుండా ఇంటికి పట్టుకుపోయింది. ఆమె చదివిన పుస్తకాల లెక్క సున్నా. ఆ సున్నాను ఏ టార్గెట్ బోర్డు మీద రాస్తాం?

ఇంత తెలిసినా నేను ఒకసారి బొక్కబోర్లా పడ్డాను. 1997లో మా దగ్గర టన్నుల మీద పోటీ పెరిగింది, నాకూ వంద పుస్తకాల పిచ్చి పట్టింది. డిసెంబర్ మొదటి తేదీకి 71. మిగిలిన 29 కోసం సన్నటి పుస్తకాలు వెతికాను. పాకెట్ నవలలు, చిన్నపిల్లల బొమ్మల కథలు, నలభై పేజీల ఉపన్యాసాలు. సరిగ్గా 100 చేశాను. ఆ ఏటి పేజీలో "ఎవరు విన్నరు" గడులు చివరి నెలంతా ఖాళీ. ఫిల్లర్లలో కొందరు టబ్బు అడుగున రాళ్లు వేసి పైన బొగ్గు పరిచేవాళ్లు. టబ్బుల లెక్క సరిపోతుంది, రాయి సంగతి మాత్రం పైన తిరగబోసినప్పుడు బయటపడుతుంది. ఆ డిసెంబర్‌లో నేను నింపింది రాళ్ల టబ్బులు. అందులో ఒక్కదాని కథ అడిగితే ఇప్పుడు చెప్పలేను. 2012 నుంచి దేశంలో బొగ్గు గ్రేడును దాని వేడిని బట్టి కడుతున్నారు. చదువుకూ అదే కొలత. ఎన్ని టన్నులు కాలిందన్నది కాదు, ఎంత వేడి మిగిలిందన్నది చూడాలి.

ఆ దెబ్బతో చట్టం దగ్గరే బుద్ధి తెచ్చుకున్నాను. టార్గెట్ 24కు దించాను, నెలకు రెండు. 15 మస్టర్లకు ఒక సెలవు ఉన్నట్టు, 15 పుస్తకాలకు ఒక పాత పుస్తకం తిరిగి చదువుకునే హక్కు పెట్టుకున్నాను. 'ఏడు తరాలు' అట్లా మూడుసార్లు చదివాను. నా ఏడాది డిసెంబర్ 31న కాదు, డిసెంబర్ 23న ముగుస్తుంది. సింగరేణి డే నాడు స్టేడియంలో స్టాళ్లు, పాటలు, బహుమతులు నడుస్తుంటే నేను ఇంటికాడ డైరీ ముందేసుకుని కూర్చుంటాను. కొత్త లెక్క ఆ రాత్రే మొదలు.

1990ల మొదట్లో సింగరేణిలో లక్ష మందికి పైగా పనిచేశారు. ఇప్పుడు నలభై వేల దగ్గర. బాయిలు మూతపడుతున్నాయి, ఓపెన్‌కాస్టులు పెరిగాయి. మా వాడలో సగం క్వార్టర్లకు తాళాలు. వేపచెట్టు ఉంది, కింద ఎవరూ లేరు. గ్రంథాలయం మాత్రం నిండుగానే ఉంటుంది, పోటీ పరీక్షల పిల్లలతో. వాళ్లనేమీ అనను. ఉద్యోగం కోసం చదివే చదువులోని దిగులు బదిలీ వర్కర్‌కు తెలిసినంతగా ఎవరికి తెలుసు? అయితే ఆ హాల్లో నలభై మంది ఉన్నా ఒక్క గొంతు వినపడదు.

ఇదంతా విని మనుమరాలు తన ఫోన్ చూసుకుంది. "ఇందులో ఎవరు విన్నరు అనే గడి లేదు తాతా" అంది. లేకపోతే కాగితం మీద గీసుకొమ్మన్నాను. ఆ రాత్రి తను చదివిన రెండు పుస్తకాల్లో ఒకటి తీసి వాళ్ల అమ్మమ్మకు పదిహేను పేజీలు పైకి చదివింది. మధ్యలో రెండుచోట్ల అమ్మమ్మ ఆపి తప్పు పట్టింది. ఆ పదిహేను పేజీలకు ఒక మస్టర్ వేశాను.

ఈ ఏడు నా టార్గెట్ 24. అందులో 6 పైకి చదివి వినిపించడానికి. ఒకటి అయింది. మీరూ కొత్త ఏటికి పుస్తకాల లెక్క పెట్టుకునేవాళ్లయితే అంకె ఎంతైనా పెట్టుకోండి, అది మీ ఇష్టం. పక్కన ఇంకో గడి మాత్రం గీయండి. ఏడాది చివర ఆ గడిలో ఒక్క పేరు కూడా లేకపోతే, మస్టర్లు పడ్డాయి గానీ బొగ్గు పైకి రాలేదని అర్థం.